పైపు రీలుకు మోటారు: ఏడాది వాడకం తరువాత

హైదరాబాదులో ఇళ్ల కిటికీ అద్దాలు, డాబాల మీది సోలార్ ప్యానెళ్లు కడగడం మా పని. బండి టాటా ఏస్. వెనక ఐదు వందల లీటర్ల ట్యాంకు, పన్నెండు వోల్టుల పంపు, వంద మీటర్ల పైపు, పైపు చివర పొడవాటి కర్ర, కర్ర చివర బ్రష్షు. నేల మీద నిలబడే రెండో అంతస్తు అద్దం కడిగేయవచ్చు. నిచ్చెన అక్కర్లేదు, లవణాలు తీసేసిన నీరు కనుక ఆరాక గుడ్డతో తుడవనక్కర్లేదు. ఈ పనిలో ఒళ్లు అరగదీసేది పైపు. ఇల్లు మారినప్పుడల్లా వంద మీటర్లూ చుట్టాలి, తరువాతి ఇంట్లో మళ్లీ విప్పాలి. 2024 ఫిబ్రవరిలో ఇళ్ల సోలార్ ప్యానెళ్లకు కేంద్రం రాయితీ ఇచ్చే సూర్యఘర్ పథకం మొదలయ్యాక డాబాల మీద ప్యానెళ్లు పెరిగాయి. మాకు రోజుకు తిరిగే ఇళ్లు పెరిగాయి, చుట్టడమూ పెరిగింది. పైపు చుట్టే రీలు చేతి పిడి తిప్పి తిప్పి మా కుర్రాళ్లలో ఒకడికి కుడి భుజం పట్టేసింది. అన్నం కలుపుకోవడానికి చెయ్యి లేవడం లేదని అతను చెప్పిన వారమే రీలుకు మోటారు పెట్టించే పని మొదలుపెట్టాను.

నేను మళ్లీ చేతి పిడి దగ్గరికి వెళ్లను. ఇదే పనిలో ఉన్నవాళ్లు ఎవరు అడిగినా పెట్టించుకోమనే చెబుతున్నాను. అడిగేవాళ్లందరి మొదటి ప్రశ్న మాత్రం ‘ఏ మోటారు?’ అన్నదే. ఈ మొత్తంలో అతి సులువైన భాగం మోటారు. రీలు పదికాలాలు పనిచేస్తుందా, నెలలో మూలన పడుతుందా అన్నది రెండు చోట్ల తేలుతుంది. ఒకటి, పైపు చుట్టుకునే డ్రమ్ము తిరుగుతున్నా దానిలోంచి పైపులోకి నీళ్లు పంపే స్వివెల్ జాయింటు. రెండు, పైపును లాక్కుపోయేటప్పుడు మోటారును డ్రమ్మునుంచి విడదీసే ఏర్పాటు. డబ్బయినా ఆలోచనయినా అక్కడ పెట్టాలి.

తయారైన మోటారు రీళ్లు లేకపోలేదు. శుద్ధి చేసిన నీటితో, కర్ర బ్రష్షుతో అద్దాలు కడగడం బ్రిటన్‌లో సర్వసాధారణం. అక్కడ బండిలో బిగించుకునే రీళ్లు అమ్ముతారు, ధర వందల పౌండ్లలో ఉంటుంది. రవాణా, సుంకం కలుపుకుని తెప్పించుకున్నా, ఒక చిన్న భాగం విరిగితే దానికోసం మళ్లీ అక్కడికే రాయాలి. మన దగ్గర అంతకంటే మొండి డ్రమ్ము పురుగుమందు పంపులు అమ్మే దుకాణాల్లోనే ఉంది. మాది నూజివీడు వైపు. మామిడి తోటల్లో హెచ్‌టీపీ పంపుతో మందు కొట్టేవాళ్లు వాడే ఇనుప రీలును చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. బురదలో ఈడ్చినా, ట్రాక్టరు ట్రక్కులోంచి కింద పడేసినా దానికేమీ కాదు. ఆ పంపులు చదరపు సెంటీమీటరుకు ఇరవై నుంచి నలభై కిలోల ఒత్తిడి ఇస్తాయి. మా చిన్న పంపు ఇచ్చేది వంద పీఎస్ఐ, అంటే ఏడు కిలోలు. ఆ లెక్కన డ్రమ్ము, పైపు, జాయింట్లు అన్నీ మాకు అవసరమైనదానికంటే ఎన్నో రెట్లు గట్టివి. కనుక డ్రమ్మును ఇంట్లో ప్లాస్టిక్ బకెట్లతో, ప్లైవుడ్ చక్రాలతో తయారు చేయకండి. కొనండి.

పైపు కూడా అదే రకం, లోపలి వ్యాసం ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, ఐదు పొరలది. వంద మీటర్లలో పట్టే నీరే ఐదున్నర లీటర్ల పైన ఉంటుంది. అరంగుళం తోట పైపు పెడితే అది పన్నెండున్నర లీటర్లు దాటుతుంది. ఆ బరువంతా మనిషి లాగాలి, మోటారు చుట్టాలి. మా బ్రష్షుకు నిమిషానికి రెండు లీటర్లు చాలు కనుక సన్న పైపు ఒత్తిడి నష్టం భరించదగ్గదే.

ఇక పొలం రీలులో మన పనికి పనికిరాని సంగతులు రెండున్నాయి, రెండూ ఇరుసు దగ్గరే. దాని ఇరుసు మామూలు ఇనుప గొట్టం. నీళ్లు ఆ గొట్టంలోంచే డ్రమ్ములోకి వెళతాయి. బోరు నీరైతే లోపల సున్నం పొర పేరుకుని ఇనుమును కొంత కాపాడుతుంది. లవణాలు తీసేసిన నీటికి ఆ అడ్డు ఉండదు, ఇనుమును తినేస్తుంది. మా ప్రాంతపు బోరు నీటి టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, మీటరులో వెయ్యి దాటి చూపిస్తుంది. దాన్ని ఆర్వోలో, ఆ తరువాత మిగిలిన లవణాలను పట్టేసే రెజిన్ డబ్బాలో తోసి సున్నా దగ్గరికి తెచ్చేదే అద్దం మీద మరక మిగలకూడదని. అంత కష్టపడి తీసిన నీటిలో చివరి మెట్టున తుప్పు కలపడం అన్యాయం. అందుకని బాలానగర్‌లో లేత్ పని చేసే మేస్త్రి దగ్గర 304 రకం స్టెయిన్‌లెస్ గొట్టంతో కొత్త ఇరుసు చేయించాను. బయటి వ్యాసం ఇరవై ఐదు మిల్లీమీటర్లు, రెండు పక్కలా యూసీపీ 205 బేరింగులు. ఒక కొన మూసి పుల్లీకి, రెండో కొన స్వివెల్‌కు. పుల్లీ వైపు, నీళ్ల వైపు వేరువేరుగా ఉండడం ముఖ్యం. స్వివెల్ ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది, ఆ నీరు బెల్టు మీద పడకూడదు.

రెండో సంగతి గ్రీజు. పొలం రీలు స్వివెల్‌కు గ్రీజు ఎక్కించే నిపిల్ ఉంటుంది. మందు కొట్టేవాళ్లకు కాస్త గ్రీజు నీళ్లలో కలిసినా పట్టింపు లేదు. అద్దం మీద అది జిడ్డు పొరై, ఎండలో ఏడు రంగులు తేలుతుంది. కడిగినకొద్దీ పాకుతుంది. నేను వాడుతున్నది నీరు కారకుండా ఆపే రబ్బరు వలయాలు, అంటే ‘ఓ-రింగులు’ ఉన్న ఇత్తడి స్వివెల్. రింగులకు నీటి ఫిల్టర్ల వాళ్లు వాడే సిలికాన్ గ్రీజు, అదీ వేలికొసంత. వేసవిలో ఒకసారి రింగులు మార్చాం, విప్పి బిగించడానికి టీ తాగేంత సేపు పట్టింది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఇలాంటివి అడిగితే నాలుగు రకాలు ముందు పెడతారు. వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. ఇత్తడి పూత పూసిన ఇనుమును ఇత్తడి ధరకు అంటగట్టేవాళ్లూ ఉన్నారు. అయస్కాంతం అంటుకుంటే వెనక్కి ఇచ్చేయండి, బేరం ఆడకండి.

మోటారు విషయానికి వస్తాను. బ్యాటరీ సైకిళ్లకు వాడే ఎంవై1016జెడ్ అనే గేరు మోటారు తీసుకున్నాను, ఇరవై నాలుగు వోల్టులు, రెండు వందల యాభై వాట్లు. మూడు వేల రూపాయలకు అటూ ఇటూగా ఎక్కడైనా దొరుకుతుంది, అదే దీని పెద్ద గుణం. దీన్ని నేను పన్నెండు వోల్టుల బ్యాటరీ మీదే నడుపుతున్నాను. ఇది విని చాలామంది కంగారు పడతారు, మోటారు బలం సగానికి పడిపోతుందని. సగానికి తగ్గేది వేగం. లాగే శక్తి ప్రవాహాన్ని బట్టి ఉంటుంది, వోల్టేజీని బట్టి కాదు. నిమిషానికి సుమారు మూడు వందల చుట్లు తిరగవలసిన మోటారు ఇరుసు నూటయాభై దగ్గర తిరుగుతుంది, పైపు చుట్టడానికి మనకు అదే మేలు. మోటారు మీద రెండున్నర అంగుళాల పుల్లీ, డ్రమ్ము మీద ఎనిమిది అంగుళాల పుల్లీ పెడితే డ్రమ్ము నిమిషానికి నలభై ఏడు చుట్లు తిరుగుతుంది. ఖాళీ డ్రమ్ము మీద మొదటి పొర నిమిషానికి ముప్ఫై మీటర్ల వేగంతో, చివరి పొర యాభై దాటిన వేగంతో చుట్టుకుంటుంది. మొత్తం వంద మీటర్లు రెండున్నర నిమిషాల్లో లోపలికి వస్తుంది. ఇంతకంటే వేగం పెంచమని కుర్రాళ్లు అడిగారు, ఒప్పుకోలేదు. పైపు కొన మనిషి నడక కంటే వేగంగా రావడం మొదలైతే దారిలో పూలకుండీ ఉన్నా, పిల్లాడి సైకిలు ఉన్నా ఆపే వ్యవధి ఉండదు.

కారు వైపర్ మోటారు పెట్టవచ్చుగా అని కొందరు అడిగారు. పాత సామాన్ల దుకాణంలో చవకగా వస్తుంది నిజమే. వంద మీటర్ల తడి పైపు, నీళ్లతో కలిపి, పద్దెనిమిది కిలోల దాకా తూగుతుంది. సిమెంటు నేల మీద దాన్ని ఈడ్చడానికి పది కిలోల లాగుడు కావాలి. మధ్యలో గోడ మూల ఒకటి తగిలితే ఇంకా పెరుగుతుంది. అద్దం మీద రబ్బరు ఊపడానికి పుట్టిన మోటారు అది. ముప్ఫై మీటర్ల పైపుతో పనిచేసేవాళ్లకు సరిపోతుందేమో కాని, నేను సిఫారసు చేయను.

ఇప్పుడు అసలు సంగతి. గేరు మోటారును గొలుసుతో డ్రమ్ముకు నేరుగా కట్టేస్తే చుట్టడం బాగానే ఉంటుంది, విప్పడం నరకం. మనిషి పైపు లాగిన ప్రతి అడుగుకూ డ్రమ్ముతోపాటు మోటారునూ వెనక్కి తిప్పాలి. ఒక భుజం నొప్పి తగ్గించి ఇంకో భుజానికి తగిలించినట్టే. సైకిలు ఫ్రీవీలు పెడితే పోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. పోదు. ఫ్రీవీలు వదిలేది, తోలే పళ్ల చక్రం కంటే లోపలి చక్రం ముందుకు వేగంగా తిరిగినప్పుడు. పైపు లాగితే డ్రమ్ము వెనక్కి తిరుగుతుంది. అప్పుడు ఫ్రీవీలు పట్టేస్తుంది, కథ మొదటికి వస్తుంది. కాగితం మీద బాణం గుర్తులు గీసి చూసుకోండి, వెంటనే తెలుస్తుంది.

దీనికి మందు వదులు బెల్టు. ‘ఎ’ (A) సెక్షన్ వీ బెల్టును కావాలనే కాస్త పొడవుది తీసుకోవాలి. దాని వదులు వైపున ఒక చిన్న ఒత్తుడు పుల్లీ, ఆ పుల్లీకి ఒక కాలి పెడలు. పెడలు తొక్కితే పుల్లీ బెల్టును నొక్కి బిగిస్తుంది, డ్రమ్ము తిరుగుతుంది. కాలు తీస్తే స్ప్రింగు పెడలును పైకి లాగేస్తుంది, బెల్టు వదులై డ్రమ్ముకు స్వేచ్ఛ వస్తుంది. పెడలు కింది అంచున ఒక చిన్న స్విచ్చు పెట్టాం. బెల్టు బిగిసిన తరువాతే మోటారుకు కరెంటు వెళుతుంది. ఒకే కాలితో రెండు పనులు, కాలు తీయగానే రెండూ ఆగుతాయి. ఈ ఆలోచన మేస్త్రిది. నేను గేరు, పళ్లతో పట్టి వదిలే డాగ్ క్లచ్చు అంటూ బొమ్మలు గీసుకుని వెళితే, ఆయన చూసి, ‘‘అంత ఖర్చు ఎందుకండీ, బెల్టే క్లచ్చు చేద్దాం’’ అన్నారు. పుల్లీలకు బోరు వేయడం, ఇరుసుకు తాళం గాడి కోయడం, ఫ్రేము వెల్డింగు అన్నీ ఆయన దగ్గరే అయ్యాయి. చెప్పిన రోజుకు ఇచ్చారు. వెల్డింగు అతుకుల మీద చెయ్యి పెట్టి రాస్తే గరుకు తగలదు.

ఈ బెల్టులో ఇంకో మేలుంది, అది వాడితేగాని అర్థం కాదు. పైపు ఏ గేటు సందులోనో, కారు చక్రం కిందో ఇరుక్కుంటే బెల్టు జారి కూత పెడుతుంది. గొలుసైతే పైపు తెగేదాకా, లేదా కారు అద్దం మీద గీత పడేదాకా లాగేది. మా వాళ్లు ఆ కూత వినగానే కాలు తీసేస్తారు. సాయంగా రెండు చిన్నవి మరిచిపోవద్దు. వదులుగా ఉన్నప్పుడు బెల్టు పుల్లీ మీదినుంచి జారిపడకుండా పక్కల వంచిన ఇనుప కడ్డీలు ఉండాలి. మొత్తం మీద జాలీ మూత ఉండాలి. తడి చేతులతో తిరిగే బెల్టు దగ్గర పనిచేసే కుర్రాళ్ల వేళ్లు మన బాధ్యత. ఈ మూత లేకుండా నేను రీలును బండి ఎక్కించనివ్వలేదు.

డ్రమ్ముకు స్వేచ్ఛ ఇచ్చాక కొత్త తలనొప్పి వస్తుంది. మనిషి వేగంగా లాగి హఠాత్తుగా ఆగితే డ్రమ్ము తన ఊపున ఇంకో రెండు చుట్లు తిరిగి, పైపు ఉండలుగా కిందికి జారుతుంది. దానికి సైకిలు బ్రేకు రబ్బర్లు రెండు, డ్రమ్ము అంచును ఎప్పుడూ మెత్తగా రాసుకుంటూ ఉండేలా స్ప్రింగుతో బిగించాం. వంద రూపాయల్లో తేలిపోయిన పని. ఈ రీలులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

రిమోట్ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆన్‌లైన్‌లో చవకగా రిమోట్ రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు, దొరుకుతాయి. ఇంటి వెనకనుంచి బొత్తాం నొక్కితే ముందున్న బండి పైపును లాగేసుకుంటుంది. చూడముచ్చటగా ఉంటుంది. గేటెడ్ కాలనీల్లో పని చేసేవాళ్లు దాన్ని పెట్టకండి. బండి దగ్గర పిల్లలు ఆడుతుంటారు, తిరిగే డ్రమ్ములోకి వేలు పెట్టే వయసు వాళ్లు. కనబడని చోటినుంచి యంత్రం నడపకూడదు. మా పద్ధతి వేరు. ఒకరు డ్రమ్ము దగ్గర పెడలు మీద కాలు, చేతిలో తడి నూలు గుడ్డ. రెండో మనిషి పైపు కొన పట్టుకుని నడిచి వస్తాడు. ఆ గుడ్డలోంచి పైపు జారుతూ వస్తుంది కనుక బురద తుడుచుకుపోతుంది, చేత్తో అటూ ఇటూ నడిపిస్తే వరసగా పేరుకుంటుంది. పైపు కొన దగ్గర ఒక రబ్బరు బంతి గుచ్చాం. మనిషి పొరపాటున వదిలేసినా ఇత్తడి కొన ఎగిరి ముఖానికి కొట్టదు, బంతి ఫ్రేము దగ్గర ఆగుతుంది.

విద్యుత్తు పని క్లుప్తంగా చెబుతాను, ఆటో ఎలక్ట్రీషియన్ ఎవరైనా చేయగలరు. పెడలు స్విచ్చులోంచి మోటారు కరెంటు నేరుగా పంపవద్దు. నలభై ఆంపియర్ల కారు రిలే పెట్టాలి, బ్యాటరీ పక్కనే ఇరవై ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి, తీగ నాలుగు చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఒక ఎర్ర అత్యవసర బొత్తాం చేతికందే ఎత్తులో ఉండాలి. బ్యాటరీ దిగిపోతుందన్న భయం వద్దు. పన్నెండు ఆంపియర్ల చొప్పున రెండున్నర నిమిషాలు తిరిగితే ఖర్చయ్యేది అర ఆంపియర్ గంట. నీళ్ల పంపు నాలుగు గంటలు నడిస్తే ఇరవై ఆంపియర్ గంటలు తాగుతుంది. ఆ పక్కన రీలు వాడకం లెక్కలోకే రాదు.

మే నెల గురించి ఒక మాట. మూసిన బండిలో ఎండకు పైపు మెత్తబడుతుంది. మెత్తబడిన పైపును బిగించి చుట్టి, పంపు వేస్తే లోపలి పొరలు ఉబ్బి డ్రమ్ము అంచుల్ని పక్కలకు తోస్తాయి. ఇనుప డ్రమ్ము తట్టుకుంది. ప్లాస్టిక్ డ్రమ్ము వద్దన్నది ఇందుకూ కూడా. పైపులో నీళ్లు ఉంచి, ఒత్తిడి తీసేసి చుట్టడం మంచి అలవాటు. ఖాళీగా చుట్టిన పైపు తరువాత నీళ్లు నిండగానే ఒకదాన్నొకటి పిసుక్కుంటుంది. మధ్యాహ్నం పైపులో నిలిచిన నీరు కాగిపోతుంది. కాలుతున్న సోలార్ ప్యానెలు మీద నీళ్లు పోయడం ఎలాగూ తప్పే, ఆ పని ఉదయం తొమ్మిదిలోపు ముగించేస్తాం.

లోపాలు ఉన్నాయి. బరువు పెరిగింది, మోటారు, ఫ్రేము, బేరింగులు కలిపి రీలును ఇద్దరు పట్టుకుంటేగాని బండి దించలేం. బెల్టు తడిస్తే జారుతుంది, కుండపోత వానలో రెండుసార్లు ఆగి తుడుచుకోవాలి. పైపు దానంతటదే వరసగా పేరుకునే ఏర్పాటు లేదు, చేత్తో నడపాల్సిందే. పైపు ధర కాకుండా నాకు పదిహేను వేల రూపాయల చుట్టుపక్కల అయింది, అందులో ఇరుసు, స్వివెల్, లేత్ పనిదే పెద్ద వాటా.

ఒక్కో ఇంటి దగ్గర అరపూట ఉండిపోయే పని అయితే, లేదా నలభై మీటర్ల పైపుతో గడిచిపోతే, చేతి రీలు చాలు. ఆ డబ్బు మంచి రెజిన్ మీద పెట్టండి. రోజుకు ఐదారు ఇళ్లు తిరిగేవాళ్లు, ముఖ్యంగా కూలికి మనుషుల్ని పెట్టుకున్నవాళ్లు, వాయిదా వేయకుండా చేయించుకోండి. మా కుర్రాడి భుజానికి ఫిజియోథెరపీ చేసిన డాక్టరు కూడా మొదట చెప్పింది ఆ పిడి తిప్పడం మానమనే. ఇప్పుడు అతను పెడలు దగ్గర నిలబడతాడు. మేస్త్రి దగ్గరికి వెళ్లేవాళ్లు కొలతలు రాసుకోండి: డ్రమ్ము లోపలి వ్యాసం ఇరవై సెంటీమీటర్లు, అంచు నలభై, వెడల్పు ముప్ఫై. ఇందులో వంద మీటర్ల పైపు ఆరు పొరల్లో పట్టి, పైన వేలెడు ఖాళీ మిగులుతుంది.